పైనుంచి అడవి, కిందికొస్తే ప్లాటు

హైదరాబాదులో అడవి పెరిగిందంటే నవ్వొస్తుంది గానీ, లెక్క మాత్రం సర్కారుదే. భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ప్రకారం, 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్న నగర అటవీ విస్తీర్ణం పదేళ్లలో 81.81కి చేరింది. టవర్లు కోకాపేట దాకా పాకిన ఆ పదేళ్లలోనే ఇంత అడవి ఎక్కడ దాక్కుందని నేలమీద వెతకడం మన పొరపాటు. చూసింది ఉపగ్రహం. ఆకు ఎర్రని వెలుగును పీల్చుకుని, మన కంటికి ఆనని పరారుణాన్ని తిప్పికొడుతుంది; ఆ తేడాతో కట్టిన సూచికను బట్టి పచ్చదనాన్ని పోల్చుకుంటారు. మర్రి అయినా సర్కారు తుమ్మ అయినా ఆ సూచికకు ఆకు ఆకే. చెరువును కమ్మిన గుర్రపు డెక్క కూడా అందులో నిగనిగలాడుతుంది. మురుగు ఎంత కలిస్తే అంత పచ్చ!

అడవికి ఆ సర్వే ఇచ్చే నిర్వచనం ఇంకా ఉదారమైనది. హెక్టారు దాటిన జాగాలో చెట్ల గొడుగు పది శాతం మించితే అది అటవీ విస్తీర్ణమే. తోటైనా సరే, పట్టా ఎవరిదైనా సరే. ఈ ఔదార్యం నివేదిక అచ్చయ్యేదాకే. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల దగ్గరికొచ్చేసరికి ఏలినవారికి రికార్డులు గుర్తొచ్చాయి: అది అడవి కాదు, ప్రభుత్వ భూమి! అక్కడ చెట్లు కూలుస్తున్న బుల్డోజర్లను ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. అక్కడున్నది తుమ్మ పొదలేగా అన్నవారూ ఉన్నారు. కావచ్చు, లెక్కలో కలుపుకునేటప్పుడు రాని ఆ అభ్యంతరం నరికేటప్పుడే ఎందుకొస్తుంది?

మరి మనుషులు టేపులు పట్టుకుని చెట్టుచెట్టూ కొలవాలా అంటే, అక్కర్లేదు. ఉపగ్రహానికి ముఖస్తుతి తెలియదు. అదే నివేదికలో అహ్మదాబాదు 17.96 నుంచి 9.41 చదరపు కిలోమీటర్లకు కుంగినట్టు చూపింది కూడా అదే. సెంటినెల్-2 ఉపగ్రహాల జంట ఐదు రోజులకోసారి పది మీటర్ల స్పష్టతతో బొమ్మ తీసి ఉచితంగా ఇస్తోంది. మబ్బు లేకపోతే ఏ వారంలో ఏ ముక్క బోడి అయిందో చెప్పొచ్చు. చిక్కల్లా మొత్తాల దగ్గరే. ఇక్కడ పాత చెట్లు కూల్చి, ఊరవతల మొక్కల వరసలు ఏపుగా పెంచితే మొత్తం చెక్కుచెదరదు. కాబట్టి మొత్తాలు చాలవు. ఏ వార్డులో, ఏ సర్వే నంబరులో, ఏ తేదీ నాటికి పచ్చదనం పోయిందో, అనుమతి మీద సంతకం ఎవరిదో వరసగా అచ్చెయ్యండి. పచ్చదనం పోయిన చోటూ, తేదీ ఉపగ్రహం దగ్గర సిద్ధంగానే ఉన్నాయి; దానికి కనిపించనిది ఆ సంతకం గడి.