అన్నయ్యా, ఫ్రేములో ఉన్నారు

మా తోడల్లుడు ఫీనిక్స్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తాడని మా అత్తగారు అందరికీ చెబుతారు. నా లెక్కలో అతని అసలు ఉద్యోగం రాళ్ళకు కాపలా కాయడం. జీతం మాత్రం వేరేచోట ఇస్తారు.

అతనికి సొంత పంచాంగం ఉంది. పొద్దున తొమ్మిది మొదలు సాయంత్రం అయిదు దాకా రాహుకాలమే, కెమెరా ముట్టడు. ఎండ నడినెత్తిన ఉంటే రాయి చదునుగా, చప్పగా కనిపిస్తుందట. పొద్దు వాలి వెలుగు పక్కనుంచి తగిలితేనే ఇసుకరాతి పొరలు, గరుకు, లోపలి ఇనుపతుప్పు ఎరుపు పైకి తేలతాయట. నిజమే, ఒప్పుకుంటాను. ఆ నిజం కోసం యూటాలోని మోయాబ్ హోటల్లో ముసలీ ముతకా చూడకుండా అందర్నీ నాలుగింటికే లేపడం మాత్రం ఒప్పుకోను. "2008 ఆగస్టులో వాల్ ఆర్చ్ అనే రాతి కమాను రాత్రికి రాత్రే కూలిపోయింది, అన్నయ్యా! ఇవాళున్నది రేపుంటుందని ఏముంది?" అని తలుపు కొడతాడు. కాఫీ పడకపోతే నేనూ ఉండనని అతనికి తోచదు.

ఆ చీకట్లో పడి మేసా ఆర్చ్‌కు పోతే అక్కడ పుష్కరాల రేవంత జనం. ట్రైపాడ్ల కాళ్ళు ఒకదాన్లో ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. సూర్యుడు రాగానే కింది కొండగోడకు ఎండ కొట్టి, ఆ వెలుగు ఎగజిమ్మి ఆర్చ్ అడుగంతా నిప్పులా ఎర్రబడింది. అందరూ ఒకే ఫోటో తీశారు.

"ఇలాంటివి లక్ష ఉంటాయి కదయ్యా!"

"నేను తీసింది లేదుగా, అన్నయ్యా!"

ఎడారికి వచ్చి మబ్బు లేదని ఏడ్చేవాణ్ణి ఇతన్నే చూశాను. ఆకాశం బోడిగా ఉందంటాడు. తీరా ఒక మబ్బు వస్తే అది సూర్యుడికే అడ్డం వస్తుంది. ఇక ఫోర్‌గ్రౌండ్ వేట. వెనక ఎంత గొప్ప కొండున్నా ముందొక జునిపర్ మోడో, రాతి పగులో, వాననీటి గుంటో ఉండాలి. దానికోసం బోర్లా పడుకుంటాడు. ఈలోగా మా ఆవిడ ఓ బండమీద కూచుని పులిహోర మూత తీస్తే, "వదినా, స్టీలు డబ్బా మెరుస్తోంది, కొంచెం దాచండి" అని కేక.

మా మరదలి పాత్ర మరీ ఘోరం. ఎర్ర జాకెట్ వేసుకుని డెలికేట్ ఆర్చ్ కింద నిలబడాలి, ఆ 46 అడుగుల ఎత్తు చూసేవాళ్ళకు తెలియాలి కాబట్టి. "నా మొహం ఆనవాలు పట్టే ఫోటో మా పెళ్ళి ఆల్బమ్‌లోదే ఆఖరు, బావగారూ" అంటుంది.

అరిజోనా, యూటా సరిహద్దులో 'ద వేవ్' అని అలలు తిరిగిన రాయొకటుంది. రోజుకు 64 మందినే, అదీ లాటరీ వేసి పంపుతారు. హెచ్‌-1బి లాటరీ మొదటిసారే తగిలిన మనిషికి ఇది ఎన్నేళ్ళైనా తగల్లేదు. తన జీవితంలో అదృష్టం లేదనే చెప్పుకుంటాడు.

అలాగని ఒట్టి స్వార్థపరుడూ కాదు. అక్కడి నేలమీద నల్లగా, గడ్డలుగా సూక్ష్మజీవులు అల్లిన పొరొకటి ఉంటుంది. అడుగు పడితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఒక సాయంత్రం అతను కోరుకున్న మోడు ఆ పొర అవతల ఉంది. తొక్కుకుంటూ పోతే రెండు నిమిషాలు. పోలేదు, రాతిమీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాడు, వెలుగు పోయింది. ఆ క్షణంలో అతనిమీద గౌరవం కలిగింది. ఆ పోయిన ఫోటో గురించి తిరుగుప్రయాణం పొడుగునా వినేసరికి అదీ పోయింది.

ఇతను హైదరాబాదు వచ్చినప్పుడు ఖాజాగూడ గుట్టలు చూపించాను. మన గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. అతని ఆర్చ్‌ల ఇసుకరాయికి 20 కోట్లు కూడా నిండలేదు. చూసి, "వెనకాల అపార్ట్‌మెంట్లు పడుతున్నాయి, అన్నయ్యా" అని కెమెరా సంచిలో పెట్టేశాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి అల్లుడుంటే ఈసారి సెలవులకు గుట్టలకు తీసుకెళ్ళండి. అపార్ట్‌మెంట్లు పడితే పడనివ్వమనండి. యూటాలో ఆర్చ్ అరిగి అరిగి కూలడానికి యుగాలు పడుతుంది, ఇక్కడ ఒక జేసీబీ చాలు.