లేపాక్షి స్తంభమును లీటరు ధరయు

లేపాక్షి వీరభద్రాలయమున నొక స్తంభము కలదు. అది పైకప్పును పట్టుకొని వ్రేలాడునే గాని నేలను పూర్తిగా నంటదు. యాత్రికులు దాని యడుగున కండువా దూర్చి, ఈవలినుండి ఆవలికి లాగి, పుణ్యము లభించెనని తలంచి పోవుదురు. ఈ స్తంభమునకును పెట్రోలు ధరకును గల బాంధవ్యమును కనిపెట్టుట హిందూపురమువారికి తగినపని గాని ఢిల్లీ ఆర్థికవేత్తల తరము కాదు. 2020 మే నాటికి ముడిచమురు కొనువాడు లేక దాని ధర పాతాళమునకు జారగా, ఆ చౌకదన మెప్పుడు మన స్కూటరు ట్యాంకులోనికి దిగునాయని మేమందరము నోళ్లు తెరచుకొని యుండగా, కేంద్రమువారు లీటరు పెట్రోలుపై 10 రూపాయలును, డీజిలుపై 13 రూపాయలును సుంకము పెంచి, బంకులో ధర మాత్రము పెరుగదని అభయ మొసంగిరి. 2025 ఏప్రిల్‌లోను అంతే: చమురు దిగినది, సుంకము 2 రూపాయలు ఎక్కినది, ధర కదలలేదు. స్తంభము నేలకు దిగరాదు గదా! దిగినచో కండువా లాగుకొనుటకు సందేది?

కేంద్రము నొక్కదానినే నిందించుట అధర్మము. మన రాష్ట్రమువారికి 31 శాతము వ్యాటు, దానిపై లీటరునకు 4 రూపాయల అదనపు వ్యాటు, ఆపైన రోడ్డు సెస్సు 1 రూపాయి. (ఆ రూపాయి యే రోడ్డుమీద పడినదో, గుంతలు తప్పించుకొనుటలో మునిగి నే నింకను వెదుకలేదు.) 2021 నవంబరులో కేంద్రము సుంకము తగ్గించి రాష్ట్రములను గూడ తగ్గింపుడనగా, నాటి మన ప్రభుత్వము పత్రికలలో నిండుపేజీ ప్రకటన వేయించి, సెస్సులలో రాష్ట్రములకు వాటా యీయని కేంద్రముదే దోషమని నిరూపించెను, నాటి ప్రతిపక్షమైన తెలుగుదేశమువారు బంకులయెదుట బైఠాయించి రాష్ట్రముదే దోషమని నిరూపించిరి. రెండు నిరూపణలును నిర్దుష్టములే. 2024లో కుర్చీలు మారినవి. 31, 4, 1 అను అంకెలు మాత్రము పాతవారితో లేచిపోలేదు. ఆ డిసెంబరులో కరెంటు ఛార్జీలపై వీథి కెక్కు వంతు వైయస్సార్ కాంగ్రెసువారికి వచ్చెను.

ఇక మా హిందూపురమువాడు ఈ వాదము ముగియువఱకు ఆగలేదు. పూర్వము నందికొండలలో పుట్టిన పెన్న కర్ణాటకమునుండి మాకు దిగివచ్చెడిది. ఇప్పు డది యిసుకయై పడియుండగా, ఆ దిక్కునుండియే మాకు పెట్రోలు వచ్చుచున్నది. 2024 జూన్‌లో కన్నడ ప్రభుత్వమును పన్ను పెంచెను గాని, లీటరునకు ఆరేడు రూపాయల భేద మింకను నిలిచియున్నది. మా వీథిలోని పట్టుగూళ్ల వ్యాపారి యొకడు సరిహద్దు దాటి గౌరిబిదనూరు పోయి పది లీటర్లు పోయించుకొని వచ్చును. రానుపోను ఏబది కిలోమీటర్లు. అనగా ఒక లీటరు, నూరు రూపాయలపైమాట. ఆదా యైనది అరువదియో డెబ్బదియో. లెక్క వేసి చూపితిని. “పోతే పోనీలేప్పా, మనోళ్లకైతే కట్టలేదు గదా!” అనెను. ఇట్టి నిష్కామకర్మ నెదుర్కొనుట కే ఆర్థికశాస్త్రము చాలును?

దేశమునకు కావలసిన ముడిచమురులో నూటికి ఎనుబదియైదు పాళ్లకుమించి పరదేశమునుండి వచ్చుచున్నందున, శక్తిని స్వదేశమునందే పుట్టింపవలెనని పెద్దలు సెలవిత్తురు. పుట్టింపలేదని యెవ రనిరి? ధర్మవరము దాపున రామగిరి కొండలపై తొంబదుల దశకమునుండియే గాలిమరలు తిరుగుచున్నవి. నంబులపూలకుంటలో 2016నుండి ఎన్టీపీసీవారు ఎండను కరెంటు చేయుచున్నారు. గాలికి వెల యెక్కువ యిచ్చుచున్నామని 2019లో ప్రభుత్వము ఒప్పందములను తిరుగదోడగా, 2022 మార్చిలో హైకోర్టు వానిని నిలబెట్టెను. అదే యేడు 2014–19 నడుమ కాలిన కరెంటునకు ట్రూ అప్ అను పేర బిల్లులో వసూలు మొదలయ్యెను. నాడు ఆ యింట అద్దెకున్నవా డెవ్వడో, వాని దీపపు బాకీ నేటివాడు తీర్చవలెను. ధర్మవరపు గుంతమగ్గము నేతగాడు కాళ్లతో తొక్కువాడు, కరెంటుతోను పెట్రోలుతోను పనిలేనివాడు గదా యనుకొందుమేని, వాని జరీ సూరతునుండి డీజిలు త్రాగి వచ్చును.

పెనుకొండ ముచ్చట వేఱు. 1565 తరువాత రాయలవంశమువారు హంపి విడిచి యిచటికి చేరినపుడు ఏనుగులు త్రోవలో గడ్డియే మేసియుండును. గడ్డికి అదనపు వ్యాటు లేదు. ఇప్పుడు ఆ దుర్గము క్రింద ఎర్రమంచిలో ఏటికి మూడు లక్షల కార్లు చేయగల కియా కర్మాగారము కలదు. కొండమీదినుండి ఆ తళతళలాడు వరుసలను చూచుట ఉచితము.

నిన్న నేనును నా పాత బండిని మా యూరి బంకునకే త్రోసికొనిపోతిని. గౌరిబిదనూరువఱకు పోవుటకు అందులో చుక్క లేదు. నూరు రూపాయల కనగానే కుఱ్ఱవాడు గొట్టము చేతబట్టి, “జీరో చూసుకోండి సార్” అనెను. చూచుకొంటిని. అది నిజముగా సున్నయే. పిమ్మట అంకెలు పరుగెత్తి నూరు కడ ఆగినవి. ప్రక్క గడిలో లీటరు మాత్ర మింకను నిండలేదు.