హిట్లర్ అభిమానులు, ఇజ్రాయెల్ మిత్రులు

యూదు విద్వేషం, అంటే యూదులను యూదులైనందుకే అనుమానించి లోకంలోని అనర్థాలన్నిటికీ వారినే కారకులుగా చూపడం, ఐరోపాలో శతాబ్దాలపాటు పెరిగి, చివరకు నాజీల చేతిలో సుమారు 60 లక్షల మంది యూదుల సంహారానికి, అనగా హోలోకాస్ట్‌కు, దారితీసింది. ఆ విద్వేషం సామాజిక మాధ్యమాల్లో కనిపించిన చోటల్లా స్క్రీన్‌షాట్ తీసి, ఫిర్యాదు చేసి, తొలగింపజేసే పనికి ఇప్పుడు ఉద్యమమని పేరు. ఉస్మానియా హాస్టల్లో సీటు దొరకక, నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రికీ శంకరమఠానికీ నడుమ ఏదో అద్దె గదిలో గ్రూప్స్‌కు చదువుకునే యువకుడొకడు ఈ ఉద్యమంలో చేరాడనుకుంటే, అతడికి ఎదురయ్యే మొదటి చిక్కు ద్వేషం దొరకకపోవడమే; దొరికేదంతా అభిమానం.

తెలుగు అంతర్జాలంలో హిట్లర్ క్రమశిక్షణకు మారుపేరు, దేశాన్ని దారిలో పెట్టడానికి రావలసిన మగాడు, ఫుట్‌పాత్ మీద వ్యక్తిత్వ వికాస పుస్తకాల సరసన అమ్ముడుపోయే ఆత్మకథా రచయిత. 1997 జనవరిలో ముత్యాల సుబ్బయ్య దర్శకత్వంలో వచ్చిన చిరంజీవి చిత్రం ‘హిట్లర్’లో అతడు చెల్లెళ్లను కంటికి రెప్పలా కాచుకునే అన్నగా అవతరించాడు. హోలోకాస్ట్ జరగనే లేదని వాదించే రాతలను ఫేస్‌బుక్ 2020 అక్టోబరులో నిషేధించగా, అదే ఏడాది ఆగస్టులో జీ తెలుగులో ‘హిట్లర్ గారి పెళ్ళాం’ అనే ధారావాహిక మొదలై, కుటుంబసమేతంగా చూడదగినదై వర్ధిల్లింది. వీటిని తీసినవారికిగాని చూసినవారికిగాని యూదుల మీద ఏ కోపమూ లేదు. యూదులన్న ఊసే లేదు, అసలు గమ్మత్తు అక్కడే ఉంది.

అంతకన్నా గమ్మత్తు, హిట్లర్‌ను మెచ్చుకునే వేలే తరచు ఇజ్రాయెల్‌నూ మెచ్చుకోవడం. పొద్దున మొసాద్ గూఢచారుల సాహసాలను, బిందు సేద్యాన్ని కీర్తించిన వాట్సాప్ స్టేటస్ సాయంత్రానికి మన దేశానికీ ఒక హిట్లర్ కావాలని నిట్టూరుస్తుంది. ఆ రెండు స్టేటస్‌ల మధ్య ఒక జాతి సంహారం ఉన్న సంగతి ఆ ఫోనుకు ఎవరూ చెప్పలేదు. నిజమైన విషం మరోచోట, కొందరు యూదులను హిట్లర్ కావాలనే మిగిల్చాడని, తక్కినవారిని ఎందుకు చంపాడో లోకానికి తెలియడానికే ఆ పని చేశాడని అతడి నోట పెట్టిన మాటలో ఉంది. అతడు అలా అన్నట్లు ఏ ఆధారమూ లేకపోయినా, గాజా మీద బాంబులు పడిన ప్రతిసారీ ఆ కల్పన కొత్త ఫొటోతో మళ్లీ బయలుదేరుతుంది, దాంతో పాలస్తీనీయుల న్యాయమైన దుఃఖం కాస్తా నాజీ పొగడ్తగా మారిపోతుంది.

2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం సామాజిక మాధ్యమ సంస్థలు ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో తెలిపి, గడువులోగా పరిష్కరించాలి. తిట్టును పసిగట్టడానికి అలవాటుపడిన వడపోతకు పొగడ్త పట్టుబడదు గనుక ‘హిట్లర్ లాంటోడు రావాలి’ అన్నది నిక్షేపంగా నిలుస్తుంది. గృహప్రవేశం ఫొటోలో గడప మీది పసుపు స్వస్తిక్‌ను మాత్రం పరాయి దేశపు కన్ను అనుమానంగా చూడవచ్చు. ఈ తేడాను గుర్తించి, నాజీ చిహ్నానికి హాకెన్‌క్రాయిజ్ అనే జర్మన్ పేరే వాడుతూ 2022లో చట్టాన్ని సవరించిన ఘనత కాలిఫోర్నియాకు దక్కింది.

ఉద్యమకారుల ఉత్సాహమూ తక్కువదేమీ కాదు. యూదు విద్వేషానికి 2016లో అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మృతి కూటమి ఆమోదించిన నిర్వచనం, ఏ దేశాన్నైనా విమర్శించే తీరులో ఇజ్రాయెల్‌ను విమర్శిస్తే అది విద్వేషం కాదని స్పష్టంగా చెబుతున్నా, ఆ వాక్యం దాకా చదివే ఓపిక అందరికీ ఉండదు. వెల్చేరు నారాయణరావుతో కలిసి తెలుగు కావ్యాలను ఆంగ్లంలోకి తెచ్చిన జెరూసలేం ఆచార్యుడు డేవిడ్ షుల్మన్, ఇజ్రాయెల్ ఆక్రమణను ఖండిస్తూ పాలస్తీనా రైతుల పక్కన నిలబడినవాడు కనుక, ఈ లెక్కన ఆయన మీద కూడా ఫిర్యాదు బటన్ నొక్కవలసి వస్తుంది.

తెలుగు యూదులంటూ ఎవరూ లేరా అంటే ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం, అంటే ఎఫ్రాయిం సంతతి, అని చెప్పుకునే కొద్దిపాటి మాదిగ కుటుంబాలు 1990ల తొలినాళ్ల నుంచీ సొంత ప్రార్థనామందిరం నడుపుకుంటూ, శనివారం విశ్రాంతి పాటిస్తూ, హీబ్రూ నేర్చుకుంటున్నాయి. వీరి మీద యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్‌లు రాసిన గ్రంథం 2013లో వెలువడింది. వీరిని ఎవరైనా దూషించదలిస్తే వెతుక్కోకుండా నోటికొచ్చేది ఐరోపా తిట్టు కాదు, ఊళ్లో వాడుకలో ఉన్న కులం తిట్టే. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల మేరకు షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే పరిమితం కనుక, యూదుణ్ణని కాగితం మీద రాసుకున్నవాడికి ఎస్సీ కుల ధ్రువపత్రం దక్కదు, అది లేనివాడికి 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టమూ అక్కరకు రాదు. అతడు నల్లకుంట ఉద్యమకారుడి సాయంతో ఫిర్యాదు పెట్టుకుని, 24 గంటల్లో అందినట్లు జవాబు తీసుకుని, గడువు తీరేదాకా ఎదురుచూడవచ్చు.