రాళ్లెక్కు బండి: టీకా తాత్పర్య సహితము

అవతారిక

11వ శతాబ్దమున నన్నయభట్టు భారతమును తెనిగింప మొదలిడిన నాటినుండి రాజమహేంద్రవరమున పద్యమునకు కొదవ లేదు. పద్యమునకు తగిన విషయమునకే కొదవ. రాజులు పోయిరి. యుద్ధములు టీవీలో జరుగుచున్నవి. అందువలన ఈ మూలకర్త తన యింటి వసారాలో పాత పేపరు పరచి, దానిపై చక్రములూడదీసి బోర్లించిన రిమోటు బండినే కావ్యవస్తువుగా స్వీకరించెను. మూలము మూడు ఆటవెలదులు. మూలకర్తయు వ్యాఖ్యాతయు ఒక్కరే యగుటచే, పద్యమున తేడా కనబడిన చోట దానిని గంభీర రహస్యమని నిరూపించుటకు మంచి వీలు కలిగినది.

మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్రాసిన వ్యాఖ్య పేరు 'సంజీవని'. ఈ వ్యాఖ్య పేరు 'అలెన్‌కీ'. బిగిసిన చోటనెల్ల దూరి విప్పుట దీని స్వభావము. మరల బిగించు పూచీ దీనికి లేదు.

బండి లక్షణము చెప్పబడుచున్నది. లోకము దీనిని క్రాలర్ అనును. అసలు జీపులో పదవ వంతు కొలత. పరుగు దీని ధర్మము కాదు, ఎక్కుట దీని ధర్మము. 1987లో జపాను తమియా వారు 'క్లాడ్ బస్టర్' అను పెద్ద చక్రముల బొమ్మలారీ తెచ్చిరి. దానికి ముందు ఇరుసుకొక మోటరు, వెనుక ఇరుసుకొక మోటరు. ఆ యిరుసులను విప్పి, సొంత చట్రములకు తగిలించి, బండలపైకి తోలినవారు ఈ శాస్త్రమునకు పూర్వాచార్యులు. 2017లో టెక్సాసు ట్రాక్సాస్ వారి టీఆర్‌ఎక్స్-4 వచ్చెను. చక్రము చెంత చిన్న గేర్లు పెట్టి, ఇరుసును చక్రపు నడిమికంటె పైకెత్తు పోర్టల్ పద్ధతి అందు కలదు. జర్మనీ యునిమాగ్ లారీలకు ఈ పద్ధతి పాతదే. అంత పెట్టలేనివారికి చైనా డబ్ల్యూపీఎల్ బండ్లు కలవు. మూలకర్త కోరిక టెక్సాసుకు తగినది, జేబు చైనాకు తగినది. ఈ రెంటి నడుమ దూరమే ఈ కావ్యము.

మొదటి పద్యము

పైన తేలికైన, పాదాల బరువైన
బండి కొండ నెక్కుఁ, బడదు వెనుక;
వడిని మెచ్చువాఁడు బాటకే చెల్లును;
రాతిపైన జాగె రాజసమ్ము.

ప్రతిపదార్థము: పైన = బాడీయందు; తేలికైన = బరువు లేనట్టియు; పాదాల = చక్రములయందును ఇరుసులయందును; బరువైన = ఇత్తడి ధరించినట్టియు; బండి = పూర్వోక్తమైన వాహనము; కొండన్ = ఎత్తుగా కనబడు దేనినైనను; ఎక్కున్ = ఆరోహించును; వెనుకన్ = వెనుకకు; పడదు = వెల్లకిల పడదు; వడిని = వేగమును; మెచ్చువాఁడు = పొగడువాడు; బాటకే = హైవేకు మాత్రమే; చెల్లును = తగును; రాతిపైనన్ = బండమీద; జాగె = ఆలస్యమే; రాజసమ్ము = దర్జా.

తాత్పర్యము: పై బరువు తగ్గించి కింది బరువు పెంచిన బండి నిదానముగా ఎక్కును. తొందరపడు బండి తలకిందులగును.

విశేషములు: బండి ఎత్తు మొగమై నిలిచినప్పుడు దాని భారమంతయు వెనుక చక్రములపైకి ఒరుగును. ముందు చక్రములు తేలికపడి గాలిలోకి లేచును. మరికొంచెము వాలినచో ఆకాశదర్శనమే. దీనికి మందు, బరువును కిందకు, ముందుకు చేర్చుట. నూటికి అరువది పాళ్లు ముందు ఇరుసుపై ఉండుట ఉత్తమమని పెద్దల మతము. ఇత్తడి ఘన సెంటీమీటరుకు సుమారు 8.5 గ్రాములు తూగును, అల్యూమినియము 2.7 గ్రాములే. కనుక ఒకే కొలత గల భాగమును ఇత్తడితో చేయించినచో బరువు మూడింతలు. తెలియనివాడు తళతళలాడు అల్యూమినియమును కొనును, తెలిసినవాడు పూజసామాను రంగులో నున్న ఇత్తడిని కొనును. అది దొరకనిచో టైరు షాపులో చక్రములకంటించు బ్యాలెన్సింగ్ బరువులను గాని, విసురువలకు కట్టు సీసపు గుండ్లను గాని రిమ్ము లోపల అంటించుట వ్యాఖ్యాతకు సమ్మతము. రేసు కారులో చక్రపు బరువు దోషము. ఇచ్చట అదే గుణము.

బాడీ విషయమున దీనికి విపర్యయము. గట్టి ప్లాస్టిక్ బాడీ చూపునకు అందము, పైనున్నది గనుక బండికి శత్రువు. పలుచని పాలికార్బొనేటు బాడీ బొమ్మవలె కనబడినను కొండకు మిత్రము. దానిపై ఇనుప లగేజి రాక్, దానిలో బుల్లి గొడ్డలి, బుల్లి పెట్రోలు డబ్బా, బుల్లి మంచము పేర్చువారు కలరు. వారు ఫొటోకొరకు ఎక్కువారు.

టైరులో గాలి యుండదు. రిమ్ముకు చిన్న రంధ్రముండును, లోపల స్పాంజి యుండును. రాయి గుచ్చుకొన్న చోట రబ్బరు లోనికి పోయి, రాతి ఆకారము దాల్చి పట్టుకొనును. మెత్తని రబ్బరు, మెత్తని స్పాంజి ఇవి రెండే బండి స్వభావమును అన్నిటికంటె ఎక్కువగా మార్చును. కొత్తవారు మొదట మోటరు మార్తురు, ఇదియే మాయ.

శంక: "మావయ్యా, ఇంత ఖర్చెట్టి నడిచెళ్లే వాడికంటే ఎనకబడిపోతే ఎలాగ?" అని మేనల్లుడు.

సమాధానము: రాతికి అతుక్కొని తిరుగు రబ్బరుకున్న పట్టు, జారుచు గిరగిర తిరుగు రబ్బరుకు ఉండదు. కనుకనే ఈ బండ్లకు ఎక్కువ చుట్లు చుట్టిన మోటర్లు వాడుదురు. 35 చుట్లది మెల్లనిది, 55 చుట్లది మరింత మెల్లనిది. చుట్లు పెరిగిన కొలది పరుగు తగ్గును, చేతికి లొంగును. మీట వదిలిన వెంటనే బండి అక్కడనే నిలుచునట్లు స్పీడు కంట్రోలరులో డ్రాగ్ బ్రేకు పెట్టుదురు. ఇంత వినియు మేనల్లుడు సమాధానపడక ఫోను చూచుకొనెను. అది వ్యాఖ్యాత ఓటమిగా భావింపరాదు.

అలంకారము: బరువు పెంచగా ఎక్కుట సులువగుట విరోధాభాసము.

పాఠాంతరము: కొందరు 'రాతిపైన జీపె రాజసమ్ము' అని చదివిరి. అది థార్ కొన్నవారు చేర్చిన ప్రక్షిప్తము.

రెండవ పద్యము

మోటరొకటి మార్చ మూలుగు గేరులు,
గేరు మార్చ షాఫ్టు కీలు విరుగు,
షాఫ్టు మార్చినంత సర్వో మొరాయించు,
చేతిలోన పర్సు చిక్కిపోవు.

కఠినపదములు: షాఫ్టు కీలు = గేరుపెట్టెనుండి ఇరుసుకు శక్తిని మోయు కడ్డీ చివరి ముడి; సర్వో = ముందు చక్రములను కుడియెడమలకు త్రిప్పు పెట్టె; మొరాయించు = దుక్కిటెద్దువలె కదలనని నిలుచు; చిక్కిపోవు = బక్కపడు. తక్కినది ఆంధ్రులకు అనుభవసిద్ధము.

తాత్పర్యము: బలమెక్కడ చేర్చినను బలహీనత అక్కడనుండి లేచి పక్కింటికి పోవును, ఊరు వదలదు.

విశేషములు: కంపెనీవారు గేరును ప్లాస్టికుతో చేయుట లోభముచేత మాత్రమే కాదు. చక్రము రాళ్ల సందున ఇరుక్కొని మోటరు గింజుకొనునప్పుడు ఏదో ఒకటి తెగవలెను. గేరు పండ్లు అరిగినచో మిగిలినవి బ్రతుకును. ఆ గేరును ఉక్కుతో మార్చినచో దెబ్బ షాఫ్టునకు పోవును. షాఫ్టును ఉక్కుతో మార్చినచో ఇరుసుకు పోవును. అన్నియు బలిసిన పిమ్మట చక్రము బండను గట్టిగా పట్టుకొనును, అప్పుడు దానిని త్రిప్పుటకు పాత సర్వోకు శక్తి చాలదు. కనుక 25 కిలోల సర్వో తెప్పింతురు. 25 కిలోలనగా, సర్వో ఇరుసునుండి ఒక సెంటీమీటరు దూరమున ఒక సన్నబియ్యపు బస్తా వ్రేలాడదీసినను నిలుపగలదని. అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దదైన వస్తువునకు ఇది సామాన్యమైన బిరుదు కాదు.

ఆ సర్వో బలమునకు తగిన కరెంటు లాగును. స్పీడు కంట్రోలరు ఇచ్చు వోల్టేజి అప్పుడు కిందకు జారి, రిసీవరు కన్ను మూయును. బండి రాతి నడినెత్తిన శిలావిగ్రహమగును. దీనికి బీఈసీ అను వేరు పెట్టె కావలెను. పెట్టె వచ్చినది గదా యని రెండు సెల్లుల లిపో బ్యాటరీ తీసి మూడు సెల్లులది పెట్టుదురు. సెల్లు ఒక్కంటికి 3.7 వోల్టులు గనుక 7.4 ఉన్నది 11.1 అగును. మోటరు ఒకటిన్నర రెట్లు వడిగా తిరుగును. అంతట గేరులు మూలుగును.

అలంకారము: ముందుది తరువాతిదానికి కారణమగుచు వరుసగా సాగుట కారణమాల. ఇచ్చట కొస తిరిగివచ్చి మొదటికి ముడిపడుటచే మాల పూర్తియై మూలకర్త మెడలో పడినది.

శంక: "ఏవండీ, ఇదొక్కటీ మారిస్తే చాలన్నారు కదా పోయిన నెల?" అని గృహిణి.

సమాధానము: నిజమే. ఆ నెలకు చాలినది.

సిద్ధాంతము: విరుగని బండిని చేయుదునని బయలుదేరుట అవివేకము. ఎచ్చట విరుగవలెనో ముందే నిర్ణయించుట వివేకము. అన్నిటికంటె చవకైనదియు, చేతి సంచిలో పట్టునదియు, రెండు స్క్రూలు తీసిన ఊడునదియు ఏదో దానిని ప్లాస్టికుగానే ఉంచవలెను. బలమంతయు దాని వెనుకను, ముందును చేర్చవలెను. అప్పుడు విరిగినను వాగు మధ్య కూర్చొని పది నిమిషములలో మార్చుకొని లేవవచ్చును. ఇరుసు లోపలి గేరు విరిగినచో ఆదివారము ముగిసినట్లే. అప్‌గ్రేడు శాస్త్రమంతటికిని ఇదియే మహావాక్యము: బలహీనత పోదు, దానికి మంచి చోటు చూపుము.

మూడవ పద్యము

నీరు తెచ్చి పోయు నేలలో శిలలేవి?
రాళ్ల కొరకు నింత రగడ యేల?
ధవళగిరిని నాఁడె తవ్వెఁ గాటన్ దొర;
మిగిలినట్టి గులకె మేరువయ్యె.

ప్రతిపదార్థము: నీరు = గోదావరి; తెచ్చి పోయు నేల = ఒండ్రు; శిలలేవి = రాళ్లెక్కడ; రగడ = ఇంటిలో జరుగునది; ధవళగిరి = ధవళేశ్వరపు కొండ; నాఁడె = 1847, 1852 నడుమ; తవ్వెన్ = ఆనకట్టకు రాయి తీయించెను; గులకె = గులకరాయే; మేరువయ్యెన్ = మేరు పర్వతమాయెను.

తాత్పర్యము: కోనసీమలో కొబ్బరిచెట్టు దొరకును, రొయ్యల చెరువు దొరకును, చుట్టరికము దొరకును. బండరాయి దొరకదు. రాళ్లెక్కు బండి కొన్నవానికి ఇది చిన్న లోపము కాదు.

విశేషములు: ఆర్థర్ కాటన్ ఆనకట్టకు ధవళేశ్వరమును ఎంచుకొనుటకు పక్కనే రాతికొండ యుండుట ఒక కారణము. 'తవ్వె' అనుటచే కొండ మొత్తము పోయెనని భ్రమింపరాదు. జనార్దనస్వామి నేటికిని పైననే యున్నాడు. ఆ రాళ్లు నీటిని నిలిపి డెల్టాను పండించినవి గనుక మూలకర్త దొరపై అలుగుట లేదు, చమత్కరించుచున్నాడు. రాతికై వెదకువారికి దారులు కలవు. రాజమండ్రి చెంత కాతేరులోను, ఆవలి ఒడ్డున పంగిడి వైపునను, సుమారు 6.5 కోట్ల యేండ్ల క్రిందటి లావా గడ్డకట్టిన నల్లరాయి కలదు. పంగిడిలో దానిని క్రషర్లు కంకర చేయుచున్నవి. అసలు బండలు కావలెనన్నచో రంపచోడవరము దాటి మారేడుమిల్లి వాగులకు పోవలెను. అచ్చటికి పోయినవాడు వాగు చూచి బండి మరచుట కద్దు.

'గులకె మేరువయ్యె' అను చోట గణితము దాగియున్నది. బండి పదవ వంతు గనుక లోకము దానికి పదింతలు. 40 మిల్లీమీటర్ల రోడ్డు కంకర దానికి 400 మిల్లీమీటర్ల బండ, జీపు డ్రైవరు దిగి చూడవలసిన బండ. మూడంగుళాల మందమున్న ఇటుక రెండున్నర అడుగుల గోడ. కోటిలింగాల రేవులో ఆరంగుళాల మెట్టు ఐదడుగుల కొండచరియ. 2015 పుష్కరములలో లక్షలాది భక్తులు దిగిన మెట్లపై బండి ఒక్క మెట్టెక్కుటకు ఆయాసపడును. 2027లో మరల పుష్కరములు. స్నానములు చేయువారి నడుమ బండి తోలరాదు, ఇది యంత్రశాస్త్రము కాదు, మర్యాద.

కాలవ గట్టున తోలువారికి ఒక హెచ్చరిక. ఒండ్రు మిక్కిలి నున్నని బురద. తెరిచియున్న బేరింగులోనికి దూరి, ఆరిన పిమ్మట సిమెంటు పాత్ర వహించును. రెండు వైపుల రబ్బరు మూతలున్న బేరింగులే డెల్టాకు తగినవి. అంతర్వేది వైపు ఉప్పునీట తిరిగిన బండిని ఆనాడే మంచినీట కడిగి, ఆరబెట్టి, నూనె పూయవలెను. లేనిచో స్క్రూలు తుప్పుపట్టి, 'అలెన్‌కీ' వ్యాఖ్యకు గూడ అందని స్థితికి చేరును.

శంక: "మాస్టారూ, రేపు స్లాబండి. ఆ కంకర చెదరగొట్టేయకండి బాబూ, ఆయ్!" అని పక్కింటి మేస్త్రి.

సమాధానము: ఇది శంక కాదు, ఆజ్ఞ. బండి దిగెను.

ఫలశ్రుతి

పెట్టెలో వచ్చిన బండిలో టైర్లు, మోటరు, గేర్లు, షాఫ్టులు, సర్వో, ఇరుసులు, బాడీ అన్నియు మారినవి. మిగిలినవి చట్రపు పట్టీలు రెండే. ఇపుడు మూలమెచ్చట నున్నది? చట్రమే మూలమని ఒక మతము. ఊడదీసిన భాగములన్నియు బిస్కెట్ల డబ్బాలో నున్నవి గనుక డబ్బాయే మూలమనియు, నేలపై తిరుగునది వ్యాఖ్య మాత్రమేయనియు రెండవ మతము. వ్యాఖ్య మూలముకంటె బరువు, ఖరీదు ఎక్కువ యగుట మన వాఙ్మయమున కొత్త కాదు గనుక రెండవదే వ్యాఖ్యాతకు ఇష్టము.

చివరి శంక గృహిణిది: "ఆ డబ్బాలో పాత సామాన్లన్నీ బిగించేస్తే ఇంకో బండి అయిపోదూ? మేనల్లుడికి ఇచ్చేయొచ్చుగా?"

సమాధానము: అగును. చట్రపు పట్టీలు రెండు మాత్రము తెప్పింపవలెను. ఈ మాటకు ఆమె మౌనము వహించెను. మౌనము అర్ధాంగీకారమని పెద్దలు చెప్పిరి. తక్కిన సగము కొరియరు వచ్చిన నాడు తేలును.