బస్తర్‌లో బాక్స్‌టర్

బస్తర్ ప్రాంతంలోని జగదల్‌పూర్‌లో ఒక తెలుగాయన ఉన్నాడనుకుందాం. అలా అనుకోవడానికి పెద్దగా ఊహించక్కర్లేదు. ఓరుగల్లు పడిపోయాక అన్నమదేవుడు ఇటొచ్చి కాకతీయుల పేరు నిలబెట్టాడు. ఆరు శతాబ్దాలు గడిచాక కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలుపట్టాలు పడ్డాయి. బైలదిల్లా ఇనుప గనుల్లో ఉద్యోగాలు పడ్డాయి. ఆవకాయ జాడీలతో సహా మనవాళ్ళూ దిగారు. ఈయన ఆ కోవలోవాడు. యాభై దాటింది. పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు, ఇంటి అప్పు తీరింది. ఈ వయసులో మగవాడికి ఆధ్యాత్మిక చింతనైనా పుడుతుంది, స్పోర్ట్స్ కారు చింతనైనా పుడుతుంది. మొదటిదానికి ఆర్సీ బదిలీ అక్కర్లేదు. ఈయనకు రెండోది పుట్టింది.

కొత్త పోర్షే బాక్స్‌టర్ ధర ఎప్పుడో కోటి దాటింది. ఢిల్లీలో పాతది మాత్రం ఓ మోస్తరు ఎస్‌యూవీ ధరకే వస్తానంటోంది. ఇందులో దైవకృపేమీ లేదు. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళూ, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బళ్ళూ తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు ఔనంది. తర్వాత ఆ నిబంధన మీద వాదోపవాదాలు చాలా నడిచాయి గానీ, భయం మాత్రం మార్కెట్లో నిలబడిపోయింది. పద్నాలుగేళ్ళు నిండిన కారును ఢిల్లీ యజమాని ఎంతకైనా వదిలించుకోవాలని చూస్తాడు. వదిలించుకునే దారి సరిగ్గా జగదల్‌పూర్ లాంటి ఊళ్ళకే ఉంటుంది.

ఫోన్లో డీలరు గొంతు తేనెలా ఉంది. "సింగిల్ ఓనర్ సాబ్. డాక్టర్ గారి బండి. ఆదివారాలు తప్ప తియ్యలేదు."

అమ్మకానికొచ్చే ప్రతి పాత కారూ డాక్టరు గారిదే. ఈ లెక్కన దేశంలో రోగుల కంటే డాక్టర్లే ఎక్కువుండాలి. నిజంగా తక్కువ తిరిగిన కారు చూడాలంటే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడుంది. కారు చేతికి రాకముందే, 1911లో ఆయన కన్నుమూశాడు. కొనుక్కున్నాయన ఒక్క మైలైనా తిరగని ఆ కారును ఎవరూ అమ్మడం లేదు. అమ్ముతున్నవాటి మీటర్లు ముందుకెంత తిరుగుతాయో వెనక్కీ అంతే తిరుగుతాయి.

మీటరు అబద్ధమాడినా టైరు ఆడదు. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2314 అంటే 2014లో 23వ వారం తయారైందని. పదిహేను వేల కిలోమీటర్లే తిరిగానంటున్న కారు ఇప్పటికే రెండు జతల టైర్లు మార్చిందంటే డాక్టరు గారికి ఆదివారాలు మరీ ఎక్కువైనట్టు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడాలి. వరదలో మునిగిన కారుకు పైపైన ఎంత పాలిష్ పెట్టినా బెల్టు చివర బురద మరక మిగులుతుంది. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్ మునిగినప్పుడు ఖరీదైన కార్లు చాలానే ఈత నేర్చుకున్నాయి. ఇంజన్ స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద చెయ్యి వేసి చూడాలి. వెచ్చగా తగిలితే, పొద్దున్నే మొరాయించిన బండిని మీరొచ్చేలోగా బుజ్జగించి ఉంచారన్నమాట.

ఈ పరీక్షలన్నీ ఈయన చెయ్యడు. ఈయన ఎర్ర రంగు చూస్తాడు. పరీక్షించేది ఆయన భార్య. బ్యాంకులో లోన్ల సెక్షన్లో పనిచేసి రిటైరైన మనిషి. కారు వద్దని ఒక్కసారి కూడా అనలేదు. "ఆర్సీ చూపించండి" అంటుంది, అంతే.

దాంతో ఆయన దారి మార్చి జపాన్ కారు మీద పడ్డాడు. నిస్సాన్ 370జెడ్ ఒకప్పుడు మన దేశంలోనూ అమ్మారు. "బైలదిల్లా ఖనిజం విశాఖ రేవు నుంచి జపాన్‌కే కదే వెళ్ళింది! మన కొండ ఇనుమే కారై తిరిగొస్తోంది. ఆడపిల్ల పుట్టింటికొస్తున్నట్టు!"

"అలాగైతే సారె పెట్టాల్సింది గని నడిపే ఎన్ఎండీసీ వాళ్ళు. వాళ్ళనడగండి" అంది ఆవిడ.

మళ్ళీ బాక్స్‌టర్‌కే వచ్చాడు. 2009 మోడల్‌కు ముందు ఈ కారు ఇంజన్లో ఇంటర్మీడియట్ షాఫ్ట్‌కి ఒక బేరింగ్ ఉండేది. అరచేతిలో ఇమిడేంత వస్తువు. అది విరిగితే ఇంజన్ మొత్తం పోతుంది. కారుకు వయసు మీదపడుతుంది గానీ స్పేర్ పార్టుల బిల్లుకు పడదు. కోటి రూపాయల కారు పాతిక లక్షలకు దిగొచ్చినా దాని బ్రేక్ డిస్కు మాత్రం కోటి రూపాయల కారుదే.

పైగా ఈ కారు మెకానిక్కుకూ అంత సులువుగా లొంగదు. ముందు తెరిస్తే డిక్కీ, వెనక తెరిస్తే ఇంకో డిక్కీ. ఇంజన్ మధ్యలో, సీట్ల వెనక కనపడకుండా కూర్చుంటుంది. ట్రాక్టరునూ బొలేరోనూ చెవితో విని రోగం చెప్పే జగదల్‌పూర్ మెకానిక్ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "సాబ్, ముందు ఇంజన్ పెట్టించుకుని రండి, తర్వాత చూస్తా" అన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

సరే, కొన్నాడనుకుందాం. ఇంటికి తేవాలి. రాయ్‌పూర్ దాటి జాతీయ రహదారి 30 మీద కాంకేర్ తర్వాత కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. పన్నెండు మలుపులు. పేపరు మీద స్పోర్ట్స్ కారు కోసమే గీసినట్టుంటాయి. మలుపులో ముందు లారీ, వెనక లారీ, మధ్యలో సుమారు ఆరు సెకన్లలో వంద అందుకోగల కారు గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో, పైకప్పు తెరుచుకుని డీజిల్ పొగ పీలుస్తుంది.

ఘాట్ ఎక్కితే స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. చాలా స్పోర్ట్స్ కార్ల పొట్టకూ నేలకూ మధ్య ఖాళీ 10 నుంచి 13 సెంటీమీటర్లు. పుస్తకంలో ఎలాగో దాటేస్తుంది. ఊరివాళ్ళు సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ ఆ పుస్తకం చదవలేదు. అక్కడ నలుగురు దిగి ఎత్తాలి. రెండు సీట్ల కారులో ఆ నలుగురు ఎక్కడినుంచి వస్తారన్నది వేరే సమస్య.

అసలైన ఘాట్ రోడ్డు కాగితాలది. దొంగ బండి అంటగట్టకుండా కాపాడేవి అవే. బండి దొంగతనం బస్తర్ దసరాలోనూ ఉంది. విజయదశమి రాత్రి మాడియా గోండులు పెద్ద చెక్క రథాన్ని లాక్కుపోయి కుమ్డాకోట్‌లో పెడతారు. మర్నాడు రాజవంశీకులు వెళ్ళి, వాళ్ళతో కలిసి కొత్త బియ్యం తిని, రథాన్ని మర్యాదగా వెనక్కి తెచ్చుకుంటారు. పోయిన వాహనం ఇంత మర్యాదగా తిరిగొచ్చే పద్ధతి ఆ ఒక్కచోటే ఉంది. కార్లు అలా తిరిగిరావు. 2020లో ముంబయి పోలీసులు ఒక డీసీ అవంతి స్పోర్ట్స్ కారును పట్టుకుని, అవే ఇంజన్, చాసిస్ నంబర్లతో ఇంకో రాష్ట్రంలో మరో కారు నమోదై ఉందని ఆరోపించారు. అంచేత ఆర్సీలో ఉన్న 17 అక్షరాల చాసిస్ నంబరును కారు మీద చెక్కినదాంతో ఒక్కో అక్షరమే వేలు పెట్టి సరిచూసుకోవాలి. బ్యాంకావిడ చేసింది అదే.

తర్వాత ఆవిడ జాబితా చదివింది. బ్యాంకు అప్పు తీరినట్టు ఫారం 35. ఢిల్లీ నుంచి ఎన్ఓసీకి ఫారం 28. అమ్మకం కబురుకు 29, పేరు మార్పుకు 30. వేరే రాష్ట్రం బండి ఏడాదికి మించి ఇక్కడుంటే సీజీ 17 నంబరు వేయించుకోవాలి, రోడ్డు పన్ను మళ్ళీ కట్టాలి. వచ్చే ఏడు కారుకు పదిహేనేళ్ళు నిండుతాయి. అప్పుడు రిజిస్ట్రేషన్ పొడిగింపు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన నిబంధనలో మామూలు కారుకు 5,000 రూపాయలు పెట్టి, విదేశం నుంచి దిగినదానికి 40,000 పెట్టారు.

డీలరు "సంతకాలు పెట్టించి ఇస్తా, పేరు తర్వాత నింపుకోండి" అన్నాడు. ఇది అమ్మేవాడికీ చేటే. చేతులు మారుతూ పోయిన ఒక కారు ప్రమాదం చేస్తే, పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న మొదటి యజమానిదేనని 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బండి అమ్మేసి హాయిగా ఉన్న మనిషికి, తానెన్నడూ చూడని డ్రైవరు చేసిన ప్రమాదం బిల్లు వచ్చింది.

అయినా పాత స్పోర్ట్స్ కారు మీద మనసు పడ్డవాళ్ళు మానుకోనక్కర్లేదు. 2023 ఏప్రిల్ నుంచి పాత బళ్ళు అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. ముందు అది చూపించమనండి. బేరానికి వెళ్ళేముందే మీ ఊరి ఆర్టీఓ ఆఫీసులో పన్ను ఎంతవుతుందో అడిగి రాయించుకోండి. ఎన్ఓసీ చేతికొచ్చేదాకా అడ్వాన్సుకు మించి ఇవ్వకండి. ఇంట్లో లోన్ల సెక్షన్లో పనిచేసినవాళ్ళుంటే బేరం వాళ్ళ చేతికిచ్చి, మీరు రంగు సంగతి చూసుకోండి.