బెజ్జం ఖరీదు

పికప్ ట్రక్కులో కాఫీ కప్పులు పెట్టుకోవడానికి ఎన్ని గుంటలు కావాలో అమెరికా కంపెనీలకి బాగా తెలుసు. ముందు సీటుకీ వెనక సీటుకీ, తలుపులకీ కూడా అమరుస్తారు. కానీ చాలా ట్రక్కుల్లో ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ అడుగున ఉండే పాన్‌కి, నూనె దించుకునేందుకు ఒక్క బెజ్జం పెట్టరు. ఇంజన్ ఆయిల్ పాన్‌కి మాత్రం డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది. ఆ పక్కనే ఉన్న దీనికి ఎందుకు లేదో అడిగితే, నూనె మాటిమాటికీ మార్చనక్కర్లేదంటారు. మా ట్రక్కు మాన్యువల్ 1,50,000 మైళ్లకి మార్చమంది. దాని వారంటీ 60,000 మైళ్లకే సరి. మధ్యలో ఉన్న 90,000 మైళ్లకీ ఆ వెంకటేశ్వరస్వామే పూచీ.

ఉండేది డల్లాస్ దగ్గర. మన తెలుగువాళ్ల వాకిళ్లలో వ్యాన్లూ ఎలక్ట్రిక్ కార్లూ ఉంటాయి గానీ పికప్ అరుదు. నేను సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నాను. పెరట్లోకి మట్టి తోలడానికని మా ఆవిడకి చెప్పాను. ఆవిడ నమ్మలేదనుకోండి.

బెజ్జం లేని పాన్‌లోంచి నూనె తియ్యాలంటే చుట్టూ ఉన్న బోల్టులన్నీ వదులు చేసి, పాన్‌ని ఒక మూలకి వంచాలి. ఏ మూల నుంచి దూకాలో నూనె ముందే నిశ్చయించుకుని ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు అది ఆవకాయ ఊటలా ఎర్రగా ఉంటుంది. కింద మరక పడితే ఇంజన్ ఆయిలా, ఇదా అని పోల్చుకోవడానికి రంగు కలుపుతారు. నా చొక్కా మీద పడ్డది ఇదేనని నేనూ వెంటనే పోల్చుకున్నాను.

ఇంతా చేస్తే దిగేది సగమో, అంతకన్నా తక్కువో. మొత్తం 12 క్వార్టులు, అంటే 11 లీటర్ల పైచిలుకు. మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ కూలర్ గొట్టాల్లోనూ కూర్చుని ఉంటుంది. కాబట్టి దించి, పోసి, కొన్నాళ్లు నడిపి, మళ్లీ దించాలి. మళ్లీ బోల్టులు, మళ్లీ చొక్కా.

గుంటూరు నుంచి మా నాన్న వీడియో కాల్‌లో ఈ తంతు చూశారు.

"అడుగున నట్టు లేదట్రా దానికి?"

"లేదు నాన్నా."

"మన ట్రాక్టరుకుంది గదరా! అన్ని డాలర్లెట్టి ఏం కొన్నట్టు మరి?"

ఆ బెజ్జం తెచ్చుకోవడానికి రెండు మార్గాలున్నాయి. పాత పాన్‌కే డ్రిల్లుతో కన్నం చేసి ప్లగ్ బిగించడం చవక. కానీ వాషర్ సరిగ్గా కూర్చోకపోతే బొట్టుబొట్టుగా కారుతుంది, ప్లగ్ లోపలికి ఎక్కువ పొడుచుకొస్తే ఫిల్టర్‌కి తగులుతుంది. రెండోది, డ్రెయిన్ ప్లగ్‌తో సహా పోతపోసిన అల్యూమినియం పాన్. రెండొందల డాలర్ల పైమాట. నేను రెండోదానికే ఓటేశాను. అంటే ఆ డబ్బంతా లోహం లేని చోటికి పోసినట్టే.

కొత్త పాన్‌కి అడుగున గాడులున్నాయి. నూనెని చల్లబరుస్తాయట. చల్లబరిచే అసలు పని ముందున్న కూలర్‌ది. గాడుల పని, కొన్నవాడి మనసు చల్లబరచడం. పైగా పాన్ లోతెక్కువ, అదనంగా రెండు మూడు క్వార్టులు తాగుతుంది.

మా కాలనీ సంఘం వాకిట్లో బండి రిపేరు చెయ్యకూడదంటుంది. గరాజ్‌లో పెడదామంటే ట్రక్కు పట్టదు. తోక బయటికి, తల లోపలికి పెట్టి, లోపలి సగానికి మాత్రమే రిపేరు చేశానని వాదించుకోవచ్చు. పాత పాన్ దించితే అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద కనిపించింది. మెత్తగా ఉంటే మామూలు అరుగుదలే, లోహపు ముక్కలు కనిపిస్తేనే దడ. మెత్తగానే ఉంది. తుడిచేసి కొత్తదానిలో పెట్టాను. బోల్టుల్ని ఎక్కువ బిగించకూడదు. బలం ఉన్నవాడి కంటే సహనం ఉన్నవాడికే తగిన పని.

ఇప్పుడు మా ఇంటికి భోజనానికొచ్చినవాళ్లందరికీ ట్రక్కు కింద దూరి ప్లగ్ చూసే భాగ్యం కలుగుతోంది. పట్టుచీరలవాళ్లని మినహాయిస్తున్నాను.

ఇకమీదట 30,000 మైళ్లకోసారి నూనె దించాలని నిర్ణయించాను. ట్రక్కు తిరిగేది ఇండియన్ షాపుకీ, గుడికీ. మా ఆవిడ లెక్క కట్టింది: మళ్లీ ఆ ప్లగ్ విప్పే నాటికి మావాడి డిగ్రీ అయిపోతుందట. వాడిప్పుడు మూడో తరగతి.