సముద్రం దగ్గరకు పోకుండా సముద్రం చూపించేదెలాగో సెలవివ్వండి

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారి దివ్యసముఖమునకు,

తొమ్మిదో తరగతి పిల్లల్ని భూగోళ అధ్యయనం కోసం విశాఖ తీరానికి తీసుకెళ్లడానికి తమరు దయతో అనుమతించారు. ఆ పత్రం నిన్న సాయంత్రం బడికి చేరింది. బడి యావత్తూ తమరికి రుణపడి ఉంది. హెచ్‌ఎం గారు దాన్ని స్టాఫ్ రూమ్‌లో పైకి చదివారు. బస్సులో పాటలు పెట్టరాదు. సరే. బయటి తిండి తినిపించరాదు. సరే. ఏడో షరతు దగ్గర ఆయన గొంతు ఆగింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు: "విద్యార్థులను ఎట్టి పరిస్థితుల్లోనూ సముద్రం సమీపానికి తీసుకెళ్లరాదు."

ముందు పీఈటీ సారు నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

పెళ్లికి శుభలేఖ పంపి, పందిట్లోకి మాత్రం అడుగు పెట్టొద్దన్నట్టుంది వ్యవహారం. అయ్యా, విశాఖలో రైలు దిగడమంటేనే సముద్రం సమీపానికి చేరడం. పిల్లల్ని ప్లాట్‌ఫాం మీదే కూర్చోబెట్టి, ఇడ్లీ తినిపించి, అట్నుంచటే వెనక్కి తెచ్చేయాలా? అదీ కుదరదు. ప్లాట్‌ఫాం ఇడ్లీ బయటి తిండి కిందికి వస్తుంది.

తమరికి తీరిక ఉండదని అందరికీ తెలుసు. కాబట్టి సోషల్ మేడమ్ పంపిన ప్రణాళిక తమరి బల్ల దాకా వచ్చిందా, సెక్షన్‌లోనే ట్యాగు కట్టించుకుని నిద్రపోయిందా అని అడగడం మర్యాద కాదు. అయినా అడగాల్సి వస్తోంది. దాన్ని ఎవరైనా చదివి ఉంటే ఏడో షరతు రాసేవారు కాదు. తేదీ జోలికి అసలే పోయేవారు కాదు.

తేదీ సంగతే ముందు. ప్రణాళికలో మొదటి కాగితం ఆటుపోట్ల పట్టిక. దేశంలోని తీరం మొత్తానికీ సునామీ హెచ్చరికలు పంపే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది సముద్రమే లేని హైదరాబాద్‌లో, ప్రగతి నగర్‌లో. అది ఇచ్చే లెక్కలు చూసుకునే మేడమ్ సంక్రాంతి సెలవుల తర్వాత ఒక శనివారం ఎంచుకున్నారు. ఆ రోజు పొద్దుటి పూట ఆటు. నీరు వెనక్కి తగ్గి ఉంటుంది. మంగమారిపేట దగ్గర అలలు కొట్టి కొట్టి తొలిచిన రాతి తోరణాన్ని పిల్లలు తీరిగ్గా చూసి బొమ్మ గీసుకోవచ్చు. తమరి కార్యాలయం "పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా" ఆ తేదీని సరిగ్గా వారం వెనక్కి జరిపింది. ఆటుపోట్లు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతాయి. ఏడు రోజులకు దాదాపు ఆరు గంటలు. అంటే మేడమ్ ఆటు చూసి పెట్టుకున్న అదే పొద్దుటి వేళకు, తమరు పెట్టిన శనివారం నాడు పోటు. భద్రత పేరుతో సముద్రం దగ్గరకు పోవద్దన్న కార్యాలయమే, నీరు ఒడ్డెక్కే పూటకు పిల్లల్ని పంపుతోంది! చంద్రుడికి ఎండార్స్‌మెంట్ పంపితే ఏమైనా సర్దుకుంటాడేమో తమరే ప్రయత్నించాలి.

రెండో కాగితం బత్తాయిది. ఒడ్డున నిలబడి అలల్లోకి ఒక బత్తాయి విసరాలి. ఐదు నిమిషాల్లో అది ఎటు కొట్టుకుపోయిందో, ఎన్ని మీటర్లు పోయిందో ఒడ్డు వెంట నడుస్తూ టేపుతో కొలవాలి. ఎవరూ నీళ్లలోకి దిగనక్కర్లేదు. బత్తాయి పోయినా సముద్రానికి చెరుపు లేదు. ఇంత చిన్న పనితో ఎంత పెద్ద పాఠం తెలుస్తుందో చూడండి. నైరుతి రుతుపవనాల కాలంలో మన తూర్పు తీరం వెంట ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య రుతుపవనాల్లో దక్షిణానికి మళ్లుతుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానిదే పైచేయి. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది. దాని కట్టడాలు ఆ ఇసుక నడకకు అడ్డుపడ్డాయి. అందుకే ఓడరేవు దగ్గర పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు, పోసినదాన్ని సముద్రం మళ్లీ పట్టుకుపోతుంటుంది. జనవరిలో బత్తాయి ఇంకా దక్షిణానికే పోతుందా, అప్పటికే మనసు మార్చుకుంటుందా? తరగతిలో సగం మంది అటు, సగం మంది ఇటు పందెం కాశారు. ఏడో షరతు ప్రకారం ఆ బత్తాయిని ఎక్కణ్నుంచి విసరాలో సెలవివ్వండి. సింహాచలం కొండ మీది నుంచైతే తమరికి అభ్యంతరం ఉండదేమో.

అదే ప్రణాళికలో భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలూ ఉన్నాయి. భారత భూవిజ్ఞాన సర్వే జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు. మంచుయుగం ముదిరినప్పుడు సముద్ర మట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు దిగిపోయింది. బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది. ఇసుకలోని ఇనుము తుప్పు పట్టి దిబ్బలు ఎర్రబారాయి. ఇది పుస్తకంలో చదివితే రెండు మార్కుల జవాబు. అక్కడ నిలబడితే ఒకపక్క ఎర్ర ఇసుక, ఎదురుగా దాన్ని వదిలిపెట్టి వెళ్లి మళ్లీ తిరిగొచ్చిన సముద్రం. ఆ రెండోదాన్ని చూడకుండా పిల్లల్ని వీపు తిప్పి నిలబెట్టాలేమో!

తీర పొడవు లెక్క కూడా ఈ యాత్రలోదే. దేశ తీరరేఖ 7,516 కిలోమీటర్లని తరతరాల పిల్లలు బట్టీ పట్టారు. కొత్తగా కొలిస్తే 11,098 అని తేలింది. ఆంధ్రప్రదేశ్‌కు 974 కాస్తా 1,053 అయింది. సముద్రం పెరిగి కాదు, కొలిచే పటం సూక్ష్మమై ప్రతి వంకా, ప్రతి కయ్యా లెక్కలోకి వచ్చి. "పరీక్షలో ఏది రాయాలి మేడమ్?" అని ఒక పిల్ల అడిగింది. దానికి జవాబుగానే, ఒడ్డున ఒకే జాగాను పది మీటర్ల తాడుతో ఒకసారి, మీటరు కర్రతో ఒకసారి కొలిపించాలని మేడమ్ ప్రణాళికలో రాశారు. రెండు జవాబులు రావాలి, రెండూ తప్పు కాకూడదు. తెలంగాణ తీరరేఖ ఏ కర్రతో కొలిచినా సున్నాయే కాబట్టి, అవతలి రాష్ట్రానికి పోక తప్పదు మరి.

ఇక మూడో కాగితం. తమరు చదవాల్సింది ఇదొక్కటే, మిగతావి పక్కన పెట్టినా బడి ఏమీ అనుకోదు. పది మంది పిల్లలకు ఒక పెద్ద. ప్రతి పెద్ద మెడలో ఈల. ఇసుకలో పాతిన తాడు దాటి ఒక్క అడుగూ లేదు. ఇన్‌కాయిస్ నుంచి పెద్ద అలల హెచ్చరిక ఉంటే ఆ రోజు బీచ్ మానేసి కుర్సురా జలాంతర్గామి మ్యూజియం. ఒడ్డున ఉండే లైఫ్‌గార్డ్ చేత అరగంట పాఠం. అలలు వరసగా విరిగే చోట మధ్యలో నున్నగా, ప్రశాంతంగా కనిపించే పాయ ఉంటుంది. ఈత తెలిసినవాళ్లు కూడా పోయేది అక్కడే, నీరు వేగంగా లోపలికి లాగుతుంది కాబట్టి. దానికి ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. ఇది అక్కడ, ఆ నీటిని వేలితో చూపిస్తూ చెప్పాల్సిన పాఠం. నల్లబల్ల మీద నీలం చాక్‌పీసుతో ఎన్ని గీతలు గీసినా అర్థం కాదు.

ఈ పిల్లలు నాలుగైదేళ్లలో కాలేజీకి పోతారు. సెలవు రోజున స్నేహితులతో కలిసి సూర్యలంకకో, చీరాల దగ్గరి రామాపురానికో బయల్దేరతారు. అప్పుడు తమరి అనుమతి ఎవరూ అడగరు. ఈలలుండవు, తాళ్లుండవు, సోషల్ మేడమ్ ఉండరు. అలా వెళ్లి అలల్లో మునిగిపోయినవాళ్ల వార్తలు పేపర్లో చదవంది ఎవరు?

2014 జూన్ 8 తర్వాత తమరి శాఖ జాగ్రత్తపడిందంటే ఎవరూ తప్పుపట్టరు. హిమాచల్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులను లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీరు ముంచేసింది. 24 మంది పిల్లలు పోయారు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. కానీ అక్కడ కావాల్సింది ఏమిటి? నీరు ఎప్పుడు వస్తుందో తెలిసిన మనిషి, ముందే మోగే సైరన్. మేడమ్ ఆటుపోట్ల పట్టిక పట్టుకుని తిరుగుతున్నది అందుకే. తమరి షరతుల్లో ఈల గురించి ఒక్క ముక్క లేదు, తాడు గురించి లేదు, లైఫ్‌గార్డ్ గురించి లేదు. ఉన్నదేమిటంటే, ప్రతి తల్లీ తండ్రీ 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద "ఏమైనా జరిగితే శాఖకు సంబంధం లేదు" అని రాసి, నోటరీ చేయించి ఇవ్వాలట. పత్తి ఏరే కూలి వదులుకుని మండల కేంద్రంలో క్యూ కట్టిన తల్లులు, ఆ వాక్యాన్ని చదివించుకుని విన్నాక సంతకం పెట్టాలా వద్దా అని బడికొచ్చి మేడమ్‌నే అడుగుతున్నారు. ఆమె ఏం చెప్పాలి?

రైల్వేవాళ్లు నయం. పల్లెల్లోని ప్రభుత్వ బడి పిల్లలకు ఏడాదికోసారి విజ్ఞాన యాత్రకు రెండో తరగతి టికెట్ మీద 75 శాతం రాయితీ ఇస్తారు, హెచ్‌ఎం సర్టిఫికెట్ చాలంటారు. విద్యార్థుల జాబితా ఆధార్ నంబర్లతో, ఆ తర్వాత ఆధార్ లేకుండా, ఆ తర్వాత మళ్లీ ఆధార్‌తో పంపమన్నది ఎవరో ఇక్కడ రాయడం బాగుండదు. "సముద్రానికి బదులు దగ్గర్లో ఏదైనా చెరువు చూపించవచ్చు కదా" అన్న సెక్షన్ వారి మౌఖిక సలహా సంగతి కూడా వదిలేద్దాం. చెరువులో ఆటుపోట్లుండవని వారికి తెలియక కాదు.

సరే, కోపంగా రాస్తే పని కాదు. ఏడో షరతు తీసేసి, తేదీ పాతదే ఉంచండి సార్, అంతే. స్టాంప్ పేపర్లు కావాలంటే తెస్తారు. పాటలు పెట్టరు. చపాతీలు ఇంటి నుంచే కట్టుకొస్తారు. ఎనిమిదో షరతుగా "ఈల తప్పనిసరి" అని రాస్తే ఇంకా సంతోషం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. పాత తేదీకి ఆ గడువు వచ్చే వారమే. వరంగల్‌లో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి విశాఖ.

హెచ్‌ఎం గారు సోమవారం పదిన్నరకే తమరి ఆఫీసుకు వస్తున్నారు. తమరు మీటింగ్‌లో ఉంటే వరండాలో కూర్చుంటారు, ఫోన్ చేసి విసిగించరు. సవరణ ఉత్తర్వు మూడు ప్రతులు తానే టైపు చేయించి తెస్తున్నారు, తమరి సంతకం ఒక్కటే బాకీ. ఆఫీసు ముద్ర సెక్షన్ బీరువాలో ఉంటుందని, ఆ గుమస్తా సెలవు పెడితే తాళంచెవి కూడా ఆయనతోనే పోతుందని పోయినసారి తెలిసింది. ఆ తాళంచెవి సోమవారానికి ఎవరి దగ్గరుంటుందో కాస్త కనుక్కుని ఉంచండి.